హీబ్రూ లిపి - కంప్యూటరు కూర్పు



నేను యౌవనమున ఒక అచ్చుకూటమునందు సీసపు అక్షరములు కూర్చుచుంటిని. ఒకనాడు పెండ్లి శుభలేఖలో 'వధూవరులు' అనుచోట కొమ్ముదీర్ఘము జారి 'వధవరులు' అని పడెను. పెండ్లికూతురి తండ్రి ఆ కాగితమును నా యెదుట నుంచి, ఒక్కమాటయు ననక నిలువబడెను. నాటినుండి నేనే గుర్తును చిన్నదని తలపను. యూదుల లిపియగు హీబ్రూను గూర్చి నేడు చెప్పుటకు ఆ యనుభవమే కారణము.

హీబ్రూలో అక్షరములు 22. వ్రాత కుడినుండి యెడమకు నడచును. అయిదక్షరములకు పదాంతమున వేరు రూపముండును. ఇవి హల్లులు. అచ్చులను, మన గుడి కొమ్ములవలెనే, చుక్కలతోను చిన్న గీతలతోను తెలుపుదురు. అవి చాలవరకు అక్షరము క్రిందనే యుండును. వార్తాపత్రికలలో వానిని సాధారణముగా విడిచెదరు. వేదగ్రంథములందును బాలుర పుస్తకములందును ముద్రించెదరు.

దాలెత్, రేష్ అను రెండక్షరములను చూడుడు. రెంటికిని పైన అడ్డగీత, కుడివైపున నిలువుగీత. దాలెత్ మూల కోణముగా నుండును. రేష్ మూల గుండ్రముగా వంగును. భేదమంతయు నంతమాత్రమే. 'ఎహాద్' అనగా 'ఒక్కడు'. కడపటి దాలెత్ మూల అరిగి రేష్ అయినచో, చుక్కలులేని వ్రాతలో అది 'అహేర్', అనగా 'మరియొకడు' అగును. దేవుడొక్కడేయని చాటు ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము 4వ వాక్యమున, వ్రాయసగాండ్రు ఆ దాలెత్‌ను పెద్దదిగా వ్రాయుట సంప్రదాయము. కంప్యూటరుకొరకు అక్షరరూపములను, అనగా ఫాంటును, గీయువాడు ఆ మూలను చిన్న అచ్చులోను నిలుపవలెను.

రూపము కుదిరిన తరువాత వరుస కుదురవలెను. హీబ్రూ పంక్తిలో అంకెలు మాత్రము ఎడమనుండి కుడికి నడచును; కావున యంత్రము ఒకే పంక్తిలో రెండు దిక్కులను పాటింపవలెను. టెక్ అను కూర్పు సాధనమును నిర్మించిన డొనాల్డ్ నూత్, పియర్ మెకే అనువారు 1987లో ఈ సమస్యకు పరిష్కారమును ప్రకటించిరి.

ఇంకొక చిక్కు యెరూషలేము పేరున గలదు. బైబిలులో తరచుగా ఆ పేరునందలి లామెద్ అను ఒక్క అక్షరమునకే రెండు అచ్చుగుర్తులు పడును. యూనికోడ్ అను అక్షరసంఖ్యల పట్టిక, గుర్తులను తన క్రమమున సర్దునప్పుడు వెనుకటిదానిని ముందునకు తెచ్చును. ఆ క్రమము మార్పరానిది. అందుచే రెంటినడుమ కంటికి కానరాని గుర్తు నొకదానిని చేర్చి పేరును కాపాడుచున్నారు.

యంత్రము చెప్పినట్లే చేయును; తప్పు చెప్పినను చేయును. మీ యింటి శుభలేఖ కంప్యూటరుపై కూర్చినను, అచ్చునకు పోవుటకు ముందు మీరే అక్షరమక్షరము చదువుడు.