చూడి నిలిచిందో లేదో పాలే చెబుతాయి

(ములుగులో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక బర్రె సంగతి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రామప్ప చెరువు వైపు ఒక ఊరిలో ఒక అవ్వ ఉండేది. ఉగాది దినాల్లో తన బర్రెకు ఎద సూది వేయించింది. తర్వాత ఎద కనబడలేదు. చూడి నిలిచిందని అందరం అనుకున్నాం. బర్రె మోసే కాలం సుమారు 310 రోజులు. మేడారం జాతర నాటికి ఈనుతుంది, వచ్చే చుట్టాలకు ఇంటి పాలు పోయవచ్చునని ఆమె లెక్క వేసుకున్నది. దీపావళి వెళ్ళాక కడుపు పెరగడం లేదని నన్ను పిలిచింది. చెయ్యి పెట్టి చూశాను. ఖాళీ. "ఏడు నెలలు మేపిన మేతకు లెక్క ఎవరు చెప్పాలె సారూ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. రెండు మూడు నెలలకే చూసి ఉండవలసినవాణ్ణి నేనే.

ఆ బర్రె మధ్యలో ఎదకు రాలేదా? బహుశా వచ్చే ఉంటుంది, మనం చూడలేదు. బర్రె ఆవు వలె ఎగబడదు, అంతగా అరవదు. తరచుగా రాత్రిపూట, తెల్లవారుజామున ఎదకు వస్తుంది. ఎండాకాలంలో ఆ గుర్తులు మరీ తగ్గుతాయి. దీనినే మూగ ఎద అంటాం. పైకి మూగదే గాని, లోపల రక్తంలో, పాలలో మాత్రం మూగది కాదు. ఈనాడు నేను చెప్పవచ్చిన విషయం ఇదే.

ఎద ముగిశాక అండాశయంలో గుడ్డు విడుదలైన చోట ఒక చిన్న ముద్ద ఏర్పడుతుంది. ఆవులో అది పసుపు పచ్చగా ఉంటుంది కనుక పచ్చముద్ద అందాం. బర్రెలో ఆ రంగు అంతగా ఉండదు. చిన్నగా ఉండి, చాలావరకు అండాశయంలోనే కూరుకొని ఉంటుంది. అందుకే చేతికి సులభంగా దొరకదు. ఈ ముద్ద ప్రొజెస్టిరోన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. గర్భసంచిని పిండానికి సిద్ధం చేసి కాపాడేది అదే. చూడి నిలవకపోతే సుమారు రెండున్నర వారాలకు ముద్ద కరిగిపోతుంది, హార్మోను పడిపోతుంది, 21 రోజుల ప్రాంతంలో తిరిగి ఎద వస్తుంది. చూడి నిలిస్తే ముద్ద కరగదు, హార్మోను తగ్గదు.

ఈ హార్మోను స్టెరాయిడ్ జాతికి చెందినది. కొవ్వులో బాగా కరుగుతుంది. కాబట్టి రక్తం నుండి పాలలోని వెన్నలోకి చేరుతుంది. ఇది ఎవరో కలిపినది కాదు, పాలిచ్చే ప్రతి పశువులోనూ సహజంగా ఉండేదే. పాలు చేపడానికి కొందరు తప్పుగా పొడిచే ఆక్సిటోసిన్ వేరు. అది స్టెరాయిడ్ కాదు, దానికీ ఈ పరీక్షకూ సంబంధం లేదు.

ఎంత ఉంటుందని అడుగుతారు. దీనిని నానోగ్రాములలో లెక్కిస్తారు. ఒక మిల్లీలీటరు పాలలో ఒక నానోగ్రాము అంటే పది లక్షల లీటర్ల పాలలో ఒక్క గ్రాము. పదివేల లీటర్ల ట్యాంకర్లు నూరు నింపి, వాటన్నిటిలో ఒక గ్రాము కలిపినట్లు. ఇంత కొంచెమును కొలిచే దారి చూపినవారు అమెరికాకు చెందిన రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్. 1950లలో వారు కనిపెట్టిన పద్ధతికి యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే మరణించారు. 1971లో ఇంగ్లండులో లాయింగ్, హీప్ అనేవారు ఆవుపాలలో ప్రొజెస్టిరోన్‌ను కొలిచి చూపారు.

కొలిచే తీరు బస్సులో సీట్ల వంటిది. ఈ హార్మోనును పట్టుకొనే ప్రతిరక్షకాలు పరీక్షా గొట్టంలో కొన్నే ఉంటాయి. వాటి కోసం గుర్తు పెట్టిన హార్మోను, మీ పాలలోని హార్మోను పోటీ పడతాయి. పాలలో ఎక్కువ ఉంటే గుర్తు ఉన్నదానికి సీటు దొరకదు. రంగు వచ్చే పరీక్షలో రంగు తగ్గిందంటే హార్మోను ఎక్కువ ఉందని అర్థం. ఇది తలకిందులుగా అనిపిస్తుంది, కనుక గుర్తుంచుకోండి.

పాలలోనే కాదు, మాంసంలో, కొవ్వులో, అండాశయంలో ఎక్కడ ఎంత ఉందో శాస్త్రజ్ఞులు కొలుస్తారు. ముక్కను నూరి, ద్రావకంతో హార్మోనును తీసి గ్రాముకు ఇంత అని లెక్క కడతారు. కాని నూరితే ఏ మూల ఎంత ఉందో పోతుంది. అందుకని ఇప్పుడు కండను పలుచని పొరగా కోసి, లేజరు కిరణంతో చుక్క చుక్కగా తాకి, లేచిన అణువులను తూచి పటం గీస్తున్నారు. పొలం పటంలో ఏ గట్టు ఎక్కడో తెలిసినట్లు, ఏ భాగంలో హార్మోను కూడి ఉందో ఆ పటంలో తెలుస్తుంది. అటువంటి పని ప్రయోగశాలకే తగును. మన పశువును కోయనక్కరలేదు, లోపలి కబురును పాలు బయటికి తెస్తున్నాయి.

ఇక మనకు పనికివచ్చే మాట. సూది వేసిన తర్వాత 21 నుండి 24 రోజుల మధ్య తీసిన పాలలో హార్మోను తక్కువ ఉంటే ఆ బర్రె చూడి కాదు. ఈ జవాబును దాదాపు పూర్తిగా నమ్మవచ్చు. ఎక్కువ ఉంటే మాత్రం "నిలిచి ఉండవచ్చు" అని మాత్రమే. పిండం తర్వాత పోవచ్చు, ముద్ద కరగకుండా మొరాయించవచ్చు, సూది వేసిన రోజే తప్పు కావచ్చు. రెండు నెలలు దాటాక డాక్టరు చేత చూపించి ఖాయం చేసుకోవాలి.

సూది రోజు పాలు కూడా తీసి ఉంచితే మరొక మేలు. ఆనాడు హార్మోను ఎక్కువ ఉందంటే బర్రె అసలు ఎదలోనే లేదు, సూది వృథా అన్నమాట. ఈని మూడు నెలలైనా ఎద చూపని బర్రెకు పది రోజుల ఎడంతో రెండుసార్లు పాలు పరీక్షిస్తే, ఒకదానిలో ఎక్కువ ఉంటే లోపల చక్రం నడుస్తున్నది, మనమే ఎదను చూడలేదు. రెండింటిలోనూ తక్కువైతే అండాశయం నిద్రపోతున్నది. అప్పుడు మేత, ఖనిజ లవణాలు, వైద్యం చూడాలి.

నమూనా తీయడంలో జాగ్రత్త వహించాలి. మన సంఘంలో వెన్న పరీక్షకు కలియబెట్టిన పాలే తీస్తాం కదా, ఇక్కడా అంతే. మొదటి ధారలో వెన్న తక్కువ, చివరి ధారలో ఎక్కువ. హార్మోను వెన్నతో పోతుంది గనుక ప్రయోగశాల ఏ పాలు అడిగితే ఎప్పుడూ ఆ పాలే ఇవ్వండి. ఆవుకు పెట్టిన గీతను బర్రెకు పెట్టవద్దు. నిల్వకు పొటాషియం డైక్రోమేట్ మాత్ర వేస్తే ఆ పాలు విషం, దూడకు కూడా పోయరాదు. వట్టిపోయిన బర్రెకు, పడ్డకు పాలు లేవు కనుక రక్తమే చూడాలి.

ఈ పరీక్ష ప్రతి ఊరికీ అందకపోవచ్చు. కాని దాని లెక్క అందరికీ అందుతుంది. పాల పుస్తకం వెనుక పేజీలో ఎద తేదీ, సూది తేదీ రాయండి. 18వ రోజు నుండి 24వ రోజు వరకు తెల్లవారుజామున, పొద్దుగూకిన తర్వాత తీగలు వేస్తున్నదేమో చూడండి. రెండు నెలలు దాటగానే చూడి పరీక్ష చేయించండి. గొడ్డుదని సంతకు తోలే ముందు కూడా ఒకసారి చూపించండి.

ఆ అవ్వకు ఆనాడు నేను చెప్పలేని జవాబు మీ పుస్తకంలో ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.