పక్క సీటు అన్న లేని చోట

నా గురించి ఇందాక చెప్పిన గొప్పల్లో సగం మా ఇంట్లో ఎవరూ నమ్మరు. పట్టా పుచ్చుకుంటున్న మీ అందరికీ గౌన్లలో ఉక్క పోస్తోందని ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. సూటిగా విషయానికొస్తాను.

ఏఐ వల్ల మా పిల్లల ఉద్యోగాలు ఏమవుతాయని బయట ఒక పెద్దాయన అడిగారు. జోస్యం నాకు చేతకాదు. నాకు తెలిసింది ఒక్కటే పని: తోటి ప్రోగ్రామర్లు వాడుకునే పనిముట్లు తయారుచేయడం. బిల్డ్ టూల్స్, రిలీజ్ స్క్రిప్టులు, కమాండ్ లైన్‌లో నడిచే చిన్నాచితకా సరంజామా. దాని గురించే మాట్లాడతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్యుమెంటేషన్ అంటే పక్క సీట్లో కూర్చున్న సీనియరే. "అన్నా, ఇది ఎందుకు ఫెయిలవుతోంది?" అంటే, ఆయన తల తిప్పకుండానే "ముందు లాక్ ఎవరిదో చూడు, అప్పుడు నడుపు" అనేవాడు. అది ఎక్కడా రాసి లేదు. సగం కంపెనీ ఆయన నోటిమాట మీదే నడిచేది. ఆయన రాజీనామా చేశాక నోటీసు పీరియడ్‌లో హడావిడిగా, తెలిసింది అప్పజెప్పే కేటీ సెషన్లు పెట్టి రికార్డు చేశారు. ఆ వీడియోలు తెరిచి చూసినవాణ్ణి నేనింతవరకూ కలవలేదు.

ఇప్పుడు అదే కుర్చీల మధ్యకి ఏఐ కోడింగ్ ఏజెంటు వచ్చింది. ఫైళ్ళు చదువుతుంది, కమాండ్లు నడుపుతుంది, తెరమీద వచ్చింది చూసి తర్వాతి అడుగు నిర్ణయించుకుంటుంది. కానీ టీ తాగడానికి మీతో రాదు. కారిడార్‌లో అనుకున్న మాటలు దాని చెవిన పడవు. రిపాజిటరీలో ఉన్నది, హెల్ప్ టెక్స్టులో ఉన్నది, ఎర్రర్ మెసేజ్‌లో ఉన్నది, ఇంతే దాని ప్రపంచం. మిగతాది ఊహించేస్తుంది. టూల్‌లో లేని ఆప్షన్‌ని కూడా ఉండే ఉంటుందిలే అని ధీమాగా కొట్టేస్తుంది.

నేను పనిచేసిన ఒకచోట డేటాబేస్ మార్పులు చేసే పాత టూల్ ఒకటి ఉండేది. ఏదైనా తేడా వస్తే "ఆపరేషన్ ఫెయిల్డ్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. అంతకన్నా ఘోరం, ఫెయిలైనా ఎగ్జిట్ కోడ్ సున్నా ఇచ్చేది. యూనిక్స్ ఆనవాయితీలో సున్నా అంటే పని జరిగినట్టు. మనుషులు తెరమీది మాట చూసి సర్దుకున్నారు. ఏజెంటు ఆ టూల్‌ని స్క్రిప్టులో పెట్టి నడిపింది. స్క్రిప్టు చూసింది ఆ సున్నానే. పని పూర్తయిందని ఏజెంటు చక్కగా రిపోర్టు రాసిచ్చింది. ఇంకోసారి అదే టూల్ "కొనసాగించాలా?" అని అడిగి జవాబు కోసం కూర్చుంది. జవాబిచ్చే మనిషి లేడు. టూలూ ఏజెంటూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉండిపోయాయి.

దాన్ని సరిచేయడం పెద్ద విద్యేమీ కాదు. ఫెయిలైతే సున్నా కాని కోడ్. మెసేజ్‌లో మూడు ముక్కలు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడు ఏ కమాండ్ నడపాలి. "ఈ టేబుల్ మీద వేరే మార్పు నడుస్తోంది. అది ఎవరిదో స్టేటస్ కమాండ్‌తో చూడండి. లాక్‌ని బలవంతంగా తీయకండి." ప్రశ్న అడిగి ఆగకుండా, చేయబోయేదంతా ముందే చూపించే డ్రై-రన్ ఒకటి. గమనించారా, పక్క సీటు అన్న చెప్పిందే ఎర్రర్ మెసేజ్‌లోకి ఎక్కింది.

నా చాదస్తమల్లా ఇక్కడే. మనవాళ్ళు టూల్ ఏం చేయగలదో పేజీలకు పేజీలు రాస్తారు. ఏం చేయలేదో, ఎక్కడ చెడిపోతుందో రాయడానికి మాత్రం చేతులు రావు. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల పేర్లతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ప్రతి కమాండ్ కింద "బగ్స్" అని ఒక శీర్షిక పెట్టారు. అక్కడే ఉన్న డగ్ మెకిల్‌రాయ్ తర్వాత చెప్పిన సంగతి ఇంకా ముచ్చటైనది: వికారంగా ఉన్నదాన్ని కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి సిగ్గేసి, ప్రోగ్రామునే బాగుచేసేవారట. రాయడం కష్టంగా ఉందంటే తప్పు మీ భాషది కాకపోవచ్చు, మీ టూల్‌ది కావచ్చు.

ఇక తిట్లు. ఇప్పుడు ఏజెంట్ల కోసమని ప్రాజెక్టులో ఏజెంట్స్ డాట్ ఎండీ అనే ఫైలు పెడుతున్నారు. మంచిదే. కానీ ఆ ఫైలుని ఏజెంటు చేతే రాయించి, చదవకుండా కమిట్ చేసే మహానుభావులు మీలో ఉన్నారని నాకు తెలుసు. నవ్వకండి, వెనక వరసవాళ్ళూ! కోడ్ చూస్తే తెలిసేదే మళ్ళీ నలభై పేరాల్లో చెబితే, ఒక్కసారికి ఏజెంటు మనసులో పెట్టుకోగలిగే జాగా అంతా మీ సోదితోనే నిండిపోతుంది. కోడ్ చెప్పలేనిది రాయండి. టెస్టులు ఏ కమాండ్‌తో నడపాలి, ఏ ఫోల్డర్ జోలికి పోకూడదు, ఎందుకు పోకూడదు. పాతబడిన వాక్యాన్ని వెంటనే తీసేయండి. పాత డాక్యుమెంటు చూస్తే మనిషికి అనుమానమొస్తుంది, ఏజెంటు నమ్మేస్తుంది. రాశాక, ఏమీ తెలియని కొత్త ఏజెంటు సెషన్‌కి ఒక పని అప్పజెప్పి పక్కన కూర్చుని చూడండి. ఎక్కడ తడబడిందో అక్కడ ముందు టూల్‌లో ఆప్షన్ పేరు మార్చగలరేమో చూడండి, పేరా చేర్చడం ఆ తర్వాత.

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టులు నిన్న తిరగేశాను. హార్డ్ బైండింగ్, బంగారు అక్షరాలు, ప్రిన్సిపాల్ గారి నుంచి ల్యాబ్ అటెండర్ దాకా అందరికీ కృతజ్ఞతలు. ప్రోగ్రాం ఎలా నడపాలో మాత్రం ఒక్క పేజీ లేదు. జిరాక్స్ షాపు ఆయనకున్నపాటి శ్రద్ధ మీకూ ఉండాలి నాయనా!

ఒక్క మాట పట్టుకెళ్ళండి. ఉద్యోగంలో మొదటి నెల మీకేమీ అర్థం కాదు. అందుకు సిగ్గుపడకండి. ఆ నెలలో అడిగిన ప్రతి ప్రశ్నా రాసిపెట్టుకోండి, జవాబు దొరికిన రోజే దాన్ని డాక్యుమెంటులోనో ఎర్రర్ మెసేజ్‌లోనో చేర్చండి. ఆర్నెల్లు పోతే అవి మీకసలు ప్రశ్నల్లాగే కనిపించవు, మీరూ తల తిప్పకుండా జవాబు చెప్పే అన్నో అక్కో అయిపోతారు. మీ తర్వాత వచ్చేది మనిషైనా ఏజెంటైనా, మిమ్మల్ని వెతుక్కునే అవసరం లేకుండా పని సాగిందంటే, మీరు పని నేర్చుకున్నట్టే.

శుభం. ఫొటోలకి తొందరగా కానివ్వండి, భోజనాలు చల్లారిపోతున్నాయట.