ఎండను కొలిచిన అన్నా మణి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కలమల్లను కొందరు క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం ఉన్న ఊరిగా ఎరుగుదురు. ఎక్కువమంది ఆర్టీపీపీ ఊరిగా ఎరుగుదురు. 1650 మెగావాట్ల ఆ కేంద్రం నడవాలంటే వ్యాగన్లలో బొగ్గు రావాలి. అదే జమ్మలమడుగు దాటి మైలవరం వైపు పోతే, నేల మీద వరుసగా సోలార్ పలకలు కనిపిస్తాయి. అక్కడ బొగ్గు లేదు, పొగ లేదు. వేసవిలో మనం తిట్టుకునే ఎండే అక్కడ సరుకు.

బొగ్గును తూకం వేయొచ్చు. ఎండను ఎట్లా కొలుస్తారు? నల్లపూత పూసిన పలక ఎండకు వేడెక్కుతుంది. దానికీ పక్కనున్న చల్లని భాగానికీ ఉన్న వేడి తేడా వల్ల కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని బట్టి ఎండ ఎంతో లెక్క కడతారు. ఒక్కరోజు కొలిస్తే చాలదు, ఏళ్ల తరబడి కొలవాలి. మన దేశంలో ఆ పనికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు అన్నా మణి గారు.

ఆమె 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టారు. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంట్లోవాళ్లు వజ్రాల కమ్మలు ఇవ్వబోతే, వద్దని, విజ్ఞాన సర్వస్వం కొనిపెట్టమని అడిగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చేసి, 1940లో స్కాలర్‌షిప్పుతో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ దగ్గర చేరారు. కమ్మలు వద్దన్న పిల్ల, అక్కడ వజ్రాల మీదే పరిశోధన చేసింది!

అయిదేళ్లు కష్టపడి 1945లో పరిశోధన గ్రంథం సమర్పించారు. ఎం.ఎస్సీ. లేదని మద్రాసు విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఇవ్వలేదు. పనిలో లోపం లేదు, కాగితమే తక్కువ. ఆ గ్రంథం రామన్ పరిశోధనా సంస్థ లైబ్రరీలో మిగతావాటి పక్కనే ఉండిపోయింది.

ఆమె ఆగలేదు. ఇంగ్లండు పోయి వాతావరణ పరికరాల పని నేర్చుకున్నారు. 1948లో పూణేలో ప్రభుత్వ వాతావరణ శాఖలో చేరారు. బయటి దేశాల నుంచి తెప్పించుకునే పరికరాలను ఇక్కడే తయారు చేయించడానికి దాదాపు వంద పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణికం చేశారు. 1957–58లో దేశంలో ఎండను కొలిచే కేంద్రాలు నెలకొల్పారు. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యాక రామన్ సంస్థలో విజిటింగ్ ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1980లో భారతదేశ సౌర వికిరణ వివరాల పుస్తకం, 1983లో గాలి శక్తి వివరాల పుస్తకం వెలువరించారు. 2001లో కన్నుమూశారు.

తప్పు కొలత కన్నా కొలవకపోవడమే మేలని ఆమె నమ్మకం. ఎందుకంటే గాలి వేగాన్ని పదోవంతు ఎక్కువగా చూపిస్తే, కరెంటు లెక్క మూడోవంతు పెరిగిపోతుంది.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నామంటే, మా వల్ల జరిగిన ఒక తప్పు కోసం. పదమూడేళ్ల కిందట మా బడిలో ఒక బిడ్డ పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఒక కాగితంలో పేరుకు ముందు షేక్, ఇంకో కాగితంలో వెనక షేక్. ఒక ఆఫీసులో స్కాలర్‌షిప్పు దరఖాస్తు తిప్పి పంపారు. వాళ్ల నాన్న రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగి, "ఇంక చాలు సార్" అన్నాడు. మేము ఇంకొక్కసారి ఆయన వెంట పోయి ఉండాల్సింది. పోలేదు. చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఆమె కూతురు మా బడిలోనే చదువుతోంది. ఏ ఫారం ఇచ్చినా ఆ తల్లి మొదట అడిగే మాట ఒకటే: "సార్, పేరు సరిగ్గా పడిందా?"

అన్నా మణికి కాగితం అడ్డమైనా, పోవడానికి ఇంకో దారి దొరికింది. మన బిడ్డలకు చాలాసార్లు ఆ దారి ఉండదు. అందుకే కమిటీ పెద్దలకు మా మనవి. మీరిచ్చే డబ్బు ఫీజుకు అక్కరకొస్తుంది. కాగితం దగ్గర ఆగిన బిడ్డ వెంట నడిచే మనిషి కూడా కావాలి. సొసైటీ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఇవ్వండి. నెలకు ఒక ఆదివారం మేము టీచర్లం కూర్చుంటాం. పేర్లు, తేదీలు సరిచూస్తాం. అవసరమైతే ఆఫీసుకు మేమే వెంట వస్తాం.

బిడ్డలారా, మన ఊళ్లో ఎండకు కొదవ లేదు. రేపు దాన్ని కొలిచేవాళ్లు, దాని నుంచి కరెంటు తీసేవాళ్లు మీలో నుంచి రావాలి. మొదటి ఆదివారం మీ కాగితాలు తీసుకుని రండి. మేము అక్కడే ఉంటాం.