ఊరు సరిగ్గా చెప్తేనే మన వివరం దొరుకుతది

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి బాకీ లెక్కలు ఇంతకుముందే చదివిన్రు. నన్ను వేరే ముచ్చట చెప్పమన్నరు. మన భూమి, మన కూలి, మన సంఘం వివరాలు ఇయ్యాల కంప్యూటర్లో, ఫోన్లో ఉన్నయి. వాటిని మనమే వెతుక్కోవాలంటే ఏం తెలిసి ఉండాలె? నేను చెప్పేది ఒక్కటే. ముందుగాల మన చోటు మనకు తెలిసి ఉండాలె. మనం పిలుచుకునే పేరుతోని కాదు, రికార్డుల ఎట్ల రాసి ఉందో అట్ల తెలిసి ఉండాలె.

మనది చెరకు ప్రాంతం. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా బోధన్ చుట్టుపక్కల ఏ ఇంట్ల చూసినా చెరకు మాటే. ఫ్యాక్టరీకి చెరకు అగ్రిమెంటు రాసేటప్పుడు రైతు పేరొక్కటే రాసుకుంటే సరిపోదు. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ రకం, ఎప్పుడు నాటిన్రు, అన్నీ కావాలె. ఏ పొలానికి ముందు కటింగ్ ఆర్డరు ఇయ్యాలో దాన్నిబట్టే తేలుతది. మనిషిని పేరుతో వెతికితే కష్టం, పొలాన్ని చోటుతో వెతికితే సులువు. ఇప్పుడు సర్కారు కంప్యూటర్లు చేసేది కూడా ఇదే పని.

ఎందుకంటే పేర్లు కలుస్తయి. ఈ హాలులోనే గంగామణి అని పిలిస్తే పదిమంది లేస్తరు. సాయవ్వ అంటే ఇంకో పదిమంది. అందుకే ఏ వెబ్‌సైటు తెరిచినా మొదట పేరు అడగదు. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, ఇట్ల ఒక్కో మెట్టు దిగుకుంట పోవాలె. భూమైతే చివరి మెట్టు సర్వే నంబరు. ఒక్క మెట్టు తప్పుగ దిగితే మనది మనకు దొరకదు. దొరకకపోతే లేదనుకుంటం. అక్కడ్నే మోసపోతం.

మన దగ్గర ఈ మెట్లల్ల చిక్కులు ఎక్కువ. నాలుగు చెప్తా, గుర్తుపెట్టుకోండ్రి.

మొదటిది జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినయి. అప్పటిదాకా నిజామాబాద్ జిల్లాలో ఉన్న బాన్సువాడ, బీర్కూర్, పిట్లం, మద్నూర్, ఎల్లారెడ్డి లాంటివి కామారెడ్డి జిల్లాకు పోయినయి. మండలాలు కూడా మారినయి. వర్ని మండలం నుంచి రుద్రూర్ వేరే మండలమైంది. తర్వాత బోధన్ మండలం నుంచి సాలూర వేరైంది. పాత కాగితం మీద పాత మండలం ఉంటది, కంప్యూటర్లో కొత్త మండలం కింద ఉంటది. మన పెద్దోళ్లు నిజామాబాద్‌ను ఇంకా ఇందూరు అనే అంటరు. ఏ జాబితాలోనూ ఇందూరు అని కనిపించదు.

రెండోది పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. 2018 చట్టంతోని తండాలు, గూడేలు, శివారు పల్లెలు కలిపి రాష్ట్రంలో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు వచ్చినయి. మంచిదే. కానీ పంచాయతీ కొత్తదైనా దాని భూములు చాలా చోట్ల పాత రెవెన్యూ గ్రామం పేరు మీదనే ఉన్నయి. ఉపాధి పని చూడాలంటే పంచాయతీ పేరు కావాలె. భూమి చూడాలంటే రెవెన్యూ గ్రామం పేరు కావాలె. రెండూ ఒకటే అనుకుంటే దొరకదు.

మూడోది క్యాంపులు. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లు వచ్చినంక కోస్తా దిక్కునుంచి వచ్చి సాగు చేసుకున్నోళ్లు బోధన్, వర్ని, కోటగిరి దిక్కు క్యాంపులు కట్టుకున్నరు. మనం ఫలానా క్యాంపు అనే చెప్తం, బస్సు కండక్టరు కూడా అదే పేరు చెప్తడు. భూమి రికార్డుల మాత్రం చాలా క్యాంపులకు పక్క ఊరి పేరే ఉంటది.

నాలుగోది ఇంగ్లీషు స్పెల్లింగు. ఎడపల్లిని ఒక చోట వై అక్షరంతోని మొదలుపెడ్తరు, ఇంకో చోట ఈ అక్షరంతోని మొదలుపెడ్తరు. కనిపించలేదని ఫోన్ పక్కన పెట్టొద్దు. జాబితా మొత్తం కిందిదాకా జరిపి చూడాలె.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, మా గ్రామ సంఘంల ఒక అక్క ఉంది. పేరు చెప్పను. భర్త చనిపోయి మూడేండ్లు దాటింది. ఆయన పేరు మీద 1 ఎకరం 20 గుంటలు. విరాసత్ చేయించుకుందామని టౌన్లో ఒక ఇంటర్నెట్ సెంటరుకు పోయింది. ఏ ఊరని అడిగితే క్యాంపు పేరు చెప్పింది. జాబితాలో ఆ పేరు లేదు. నీ భూమి ఆన్‌లైన్‌లో లేదమ్మా అన్నరు. మూడుసార్లు పోయింది. ఆటో కిరాయి పోయింది, మూడు రోజుల కూలి పోయింది. ఒకాయన, ఎక్కిపిస్తా గానీ ఖర్చయితది అని వేలల్ల అడిగిండు. ఆమె సంఘంల అప్పు అడగడానికి వచ్చింది. అప్పు ఎందుకని అడిగితే అప్పుడు ఈ సంగతి బయటపడ్డది.

మా వీవోఏ పాస్‌బుక్ తెమ్మన్నది. దాంట్ల రెవెన్యూ గ్రామం పేరు పక్క ఊరిది ఉంది. ఆ పేరు పెట్టి, సర్వే నంబరు ఎంచుకుంటే అక్కడ్నే కనిపించింది. కానీ 1 ఎకరం 2 గుంటలే చూపించింది. 18 గుంటలు తక్కువ. గుంట అంటే 121 గజాలు, 18 గుంటలంటే 2,178 గజాలు. 2025 జూన్‌ల ఊర్లల్ల రెవెన్యూ సదస్సులు పెట్టినప్పుడు రెండు దరఖాస్తులు ఇప్పించినం, ఒకటి విరాసత్‌కు, ఒకటి తక్కువైన గుంటలకు. విరాసత్ అయింది, ఇప్పుడు పట్టా ఆమె పేరు మీద ఉంది. 18 గుంటల సంగతి ఇంకా తేలలేదు, సర్వే కావాలె. కానీ ఎంత తక్కువ ఉందో, ఏ నంబరులో తక్కువ ఉందో ఆమెకు తెలుసు. అప్పు చేసి ఆయన చేతిల పెడితే ఈ సంగతి ఎన్నటికీ తెలవకపోవు.

భూమి ఎట్ల చూసుకోవాలో చెప్తా. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది. భూమి వివరాలు చూసే దగ్గర జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఎంచుకోవాలె. సర్వే నంబరు పక్కన గీత పెట్టి అక్షరమో అంకెనో ఉంటది. అది పాలు పంచుకున్న భాగం. ఆ గీత తర్వాతది వదిలిపెడితే మరిది భాగమో, పాలోళ్ల భాగమో వస్తది. వచ్చినంక నాలుగు చూడాలె. పట్టాదారు పేరు ఎవరిది, తండ్రి లేదా భర్త పేరు సరిగ్గ ఉందా, ఎకరాలు గుంటలు ఎన్ని, ఆ నంబరు నిషేధిత జాబితాలో ఉందా. తేడా కనిపిస్తే ఆ పేజీ ప్రింటు తీసుకొని దాచుకోవాలె. పాత గొడవలకు ఆధారంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూస్తరు. దాంట్ల కూడా ఊరు, సర్వే నంబరు పట్టుకొనే వెతకాలె.

ఇక ముందు చోటుకు ఇంకా విలువ వస్తది. కేంద్రం తెచ్చిన భూ ఆధార్ అనేది అంకెలు, అక్షరాలు కలిసిన 14 స్థానాల నంబరు. పొలం భూమ్మీద ఎక్కడుందో చెప్పే అక్షాంశం, రేఖాంశం లెక్కలను బట్టి తయారైతది. మన భూభారతి చట్టంల కూడా భూధార్ అనే నంబరు పెట్టిన్రు. అందుకే కొలతలప్పుడు, సర్వే చేసేటప్పుడు ఆడోళ్లం ఇంట్ల ఉండొద్దు. హద్దు రాయి కాడ నిలబడాలె.

ఆడోళ్లకు ఇంకో సంగతి ఉంది. మగవాళ్లకు ఒక ఊరు, మనకు రెండు ఊర్లు. పుట్టిన ఊరు ఒకటి, మెట్టిన ఊరు ఒకటి. బాన్సువాడ దిక్కునుంచి బోధన్ దిక్కు ఇచ్చిన ఆడపిల్లకు ఇప్పుడు రెండు జిల్లాలు. ఓటు ఒక చోట, రేషన్ కార్డుల పేరు ఇంకో చోట, జాబ్ కార్డు మరో చోట ఉన్నోళ్లు మన సంఘాలల్లనే ఉన్నరు. ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు మన ఉమ్మడి రాష్ట్రంల 1986లోనే చట్టమైంది, 2005లో దేశమంతటా అయింది. అన్నదమ్ములతోని కొట్లాడమని నేను చెప్తలేను. తండ్రి భూమి ఏ రెవెన్యూ గ్రామంల ఉంది, సర్వే నంబరు ఎంత అన్నది మాత్రం తెలిసి ఉండాలె. అడిగేది, అడగనిది తర్వాత మన ఇష్టం.

ఇవే మెట్లు దిగి ఇంకా మూడు చూడొచ్చు. ఉపాధి హామీ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే జాబ్ కార్డుల జాబితా వస్తది. ఎవరు ఎన్ని రోజులు పని చేసిన్రు, మస్టరు ఎంత, పైసలు పడ్డయా అన్నది ఉంటది. పనికి పోనోళ్ల పేరు మీద రోజులు పడ్డయా అని కూడా చూడొచ్చు. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ స్వరాజ్‌లో మన పంచాయతీ ఏ పనికి ఎంత అనుకున్నది, ఎంత చెల్లించింది అన్నది చూడొచ్చు. గ్రామసభకు పోయేముందు రోజు చూసుకొని పోతే మన మాటకు బలం ఉంటది. ఇక జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ వెబ్‌సైటులో ఊరి వారీగా సంఘాల జాబితా ఉంటది. మన సంఘం ఆ జాబితాలో ఉందా, సభ్యుల సంఖ్య సరిగ్గ ఉందా చూసుకోవాలె. తేడా ఉంటే సీసీకి చెప్పి సరిచేయించుకోవాలె.

వెతికేది మనమే కాదు, ఒక్కోసారి మనల్నే వెతుక్కుంట వస్తరు. చెరకు తోటల పాము కరిచింది, 108కు ఫోన్ చేస్తే ఎక్కడమ్మా అని అడుగుతరు. మా చేను కాడ అంటే వాళ్లకేం తెలుస్తది? మండలం, ఊరు, ఏ రోడ్డు, ఏ కాలువ తూము, పక్కన గుడి ఉందా బడి ఉందా చెప్పాలె. స్మార్ట్‌ఫోన్ ఉంటే వాట్సాప్‌లో లొకేషన్ పంపడం ప్రతి ఇంట్ల ఒక్కరన్న నేర్చుకోవాలె. మన ఊరి పిన్ కోడ్ కూడా తెలిసి ఉండాలె. 1972 నుంచి ఉన్న ఆరంకెల నంబరు అది. నిజామాబాద్‌ది 503001, బోధన్‌ది 503185, కామారెడ్డిది 503111. జిల్లా విడిపోయినా ముందున్న 503 మాత్రం విడిపోలేదు.

జాగ్రత్త కూడా చెప్పాలె. చోటు తెలిస్తే మంచోళ్లూ వస్తరు, చెడ్డోళ్లూ వస్తరు. తెలియని నంబరుకు లొకేషన్ పంపొద్దు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. వేరేవాళ్ల భూమి, వేరేవాళ్ల కూలి చూసి ఊరంతా చెప్పుకుంట తిరగొద్దు. మన హక్కు కోసం చూసుకునే వివరం ఇది.

చివరగ ఒక తీర్మానం అడుగుతున్న. ప్రతి సంఘం తీర్మానాల పుస్తకంల వెనక పేజీలు వదులుదాం. ఒక్కో సభ్యురాలికి ఒక్కో పేజీ. మెట్టిన ఊరి పంచాయతీ, రెవెన్యూ గ్రామం, మండలం, జిల్లా, సర్వే నంబరు, జాబ్ కార్డు నంబరు రాద్దాం. దాని కిందనే పుట్టిన ఊరివి రాద్దాం. భూమి లేనోళ్లు ఇంటి నంబరు రాయాలె. ఆధార్, బ్యాంకు నంబర్లు మాత్రం దాంట్ల రాయొద్దు. వచ్చే రెండు నెలల మీటింగులల్ల పేజీలు నింపుదాం. చదువు రానోళ్లకు చదువుకున్న చెల్లెళ్లు రాసిపెట్టాలె. తర్వాత ప్రతి మీటింగుల ఇద్దరి వివరాలు ఫోన్లో తెరిచి చూద్దాం. పది పన్నెండు మంది ఉన్న సంఘంల ఆరు నెలల్ల అందరివి అయిపోతయి. ఏ తేడా దొరికినా గ్రామ సంఘానికి రాతపూర్వకంగ ఇద్దాం.

ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండ్రి. పేజీలు నింపిన పుస్తకాలు వచ్చే సమావేశానికి తీసుకొని రావాలె.