శివారు పొలానికీ నీరందాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో మైకు ముందు నేను చివరిసారి నిలబడింది పదో తరగతిలో, వక్తృత్వ పోటీకి. సగంలో మరిచిపోయి దిగిపోయాను. అందుకే ఈసారి కాగితం రాసుకొచ్చాను. "డాక్టరువి కదా, ఆరోగ్యం గురించి ఓ పది నిమిషాలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. బీపీ, షుగరు గురించి చెబుతాననుకొని ఉంటారు. ఈ రోజు యాంటీబయాటిక్ మందుల గురించి మాట్లాడతాను. దానికి ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

ఇంట్లో ఒక డాక్టరుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. "అమ్మకు మూత్రంలో మంటగా ఉందంట, ఏం వేయమంటావు అన్నయ్యా?" అని మా తమ్ముడు ఫోను చేసేవాడు. నేను వార్డులో తిరుగుతూనే ఓ మందు పేరు చెప్పేసేవాడిని. పరీక్ష లేదు, పాడూ లేదు. రెండు రోజుల్లో మంట తగ్గేది. మిగిలిన మాత్రలు అమ్మ డబ్బాలో దాచేది. మళ్లీ వస్తే అవే వేసుకునేది. ఇలా ఏడెనిమిదేళ్లు గడిచాయి.

ఒక రాత్రి చలిజ్వరంతో ఆవిడను ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు కల్చర్ రిపోర్టు వచ్చింది. అందులో మందు పేరు పక్కన 'ఎస్' ఉంటే పనిచేస్తుందని, 'ఆర్' ఉంటే పనిచేయదని లెక్క. పైనుంచి కిందిదాకా 'ఆర్'లే. చివరికి మిగిలింది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు వైద్యులు పక్కన పెట్టిన పాత మందు అది. అమ్మ బతికి ఇంటికొచ్చింది. కిడ్నీలు మాత్రం మునుపటిలా లేవు. నేను ఫోనులో చెప్పిన మాత్రల వల్లే అలా అయిందని రుజువు చేయలేను. కాదని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పనూ లేను.

ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు రొట్టెముక్క తడిపి, గిన్నె బోర్లించి, నాలుగు రోజుల తర్వాత బూజు చూపించారు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఇలాంటి బూజు నుంచే పెన్సిలిన్ కనిపెట్టాడని చెప్పారు. మిగతా సగం కథ నేను మెడికల్ కాలేజీలో తెలుసుకున్నాను. 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఫ్లెమింగ్ హెచ్చరించాడు. చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు చావవు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని చెప్పాడు.

ఎలా నేర్చుకుంటాయి? అనుకూలమైన చోట ఈ.కోలై అనే క్రిమి ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ లెక్కన పది గంటల్లో ఒకటి వంద కోట్లు దాటుతుంది. అన్ని కోట్లలో ఏ ఒక్కదానికో మందును తట్టుకునే గుణం పుడుతుంది. మందు వేసినప్పుడు మిగతావి చస్తాయి, అది మిగిలి సంతతిని పెంచుకుంటుంది. పైగా ఆ గుణాన్ని పక్క క్రిమికి కూడా అందిస్తుంది. మనం పరీక్ష హాల్లో స్లిప్పులు అందించుకున్నట్లే. మాస్టారూ, ఇన్నేళ్లయింది, ఇప్పుడు ఒప్పుకున్నా ఫర్వాలేదనుకుంటాను!

నవ్వులాటకు అన్నాను కానీ, లెక్కలు నవ్వే లెక్కలు కావు. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. వాటితో ముడిపడిన మరణాలన్నీ కలిపితే 49 లక్షల 50 వేలు.

ఇది మన కాలువ నీళ్ల లాంటి వ్యవహారం. దాళ్వాకు వంతులవారీగా నీరొదిలినప్పుడు ఎగువనున్నవాళ్లు రాత్రిపూట అదనంగా తూములు పెట్టుకుంటే, శివారు పొలం ఎండిపోతుంది. ఎగువ రైతు చెడ్డవాడు కాదు, అతని కళ్లకు అతని చేను కనిపిస్తుంది, అంతే. జలుబుకు యాంటీబయాటిక్ వేసుకోవడం కూడా అంతే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఆ మందు పనిచేయదు. అయినా వేసుకుంటాం. శివారున ఉన్నది ఎవరు? నెలలు నిండక పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్న పసికందు, కీమోథెరపీ చేయించుకుంటున్న మనిషి, ఆపరేషన్ బల్ల మీదున్న తల్లి. మందు వాళ్లదాకా అందాలి.

ఈ కథలో మన జిల్లాకూ చోటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, అక్కడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. అది లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. తర్వాత కొద్దికాలానికే, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పి తిన్న కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని గమనించారు. అప్పటినుంచి ప్రాణం నిలిపే మందులు దాణాలోకి కూడా చేరాయి. మా అమ్మకు చివరి దిక్కయిన కొలిస్టిన్‌ను మన దేశంలో కోళ్లకు, పశువులకు, ఆక్వా చెరువులకు వాడకుండా నిషేధించింది 2019లో.

మందులు తయారయ్యే చోటా జాగ్రత్త కావాలి. పటాన్‌చెరు దగ్గర, సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

ప్రపంచం చూస్తూ ఊరుకోలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాచరణ ప్రణాళిక వేసింది, 2017లో మన దేశం వేసుకుంది, 2018లో కేరళ రాష్ట్రస్థాయిలో సొంతంగా మొదలుపెట్టింది. ఈ మరణాలను 2030 నాటికి పది శాతం తగ్గించాలని 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. కానీ ప్రణాళిక ఢిల్లీలో ఉన్నా, జెనీవాలో ఉన్నా, మాత్ర చేతులు మారేది మన ఊరి సెంటర్లోనే. అందుకని ఈ హాల్లో ఉన్నవాళ్లకే నాలుగు మాటలు.

మందుల షాపు నడిపే తమ్ముళ్లూ, షెడ్యూల్ హెచ్1 మందులకు చీటీ చూడాలని, రిజిస్టరులో రాయాలని 2014 నుంచి రూలుంది. "రేపటినుంచి ఇవ్వను" అంటే పక్క షాపుకు పోతారని మీ భయం. నిజమే. అందుకే సెంటర్లో ఉన్న షాపులన్నీ కలిసి ఒకేరోజు మొదలుపెట్టండి.

రొయ్యల చెరువులున్న అన్నయ్యలూ, తెల్లమచ్చ తెగులు వైరస్ వల్ల వచ్చేది, దానికి యాంటీబయాటిక్ పోయడం డబ్బు నీళ్లలో పోయడమే. నార్వేలో సాల్మన్ చేపలకు 1987 ప్రాంతంలో ఏడాదికి 50 టన్నుల దాకా వాడేవారు. టీకాలు వచ్చాక దాన్ని టన్ను చుట్టుపక్కలకు దించారు, చేపల దిగుబడి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. రొయ్యకు చేపలా టీకా పనిచేయదు. మంచి సీడు, పలచగా వదలడం, చెరువు శుభ్రం, ఇవే మనకు టీకా.

అమెరికా నుంచి వచ్చినవాళ్లూ, మీకక్కడ చీటీ లేకుండా ఒక్క మాత్ర ఇవ్వరు. తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులో ఆవకాయ పక్కన స్ట్రిప్పులు సర్దుకోకండి.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకు కూడా ఒక మాట. "పిల్లాడికి దగ్గు, ఏం వేయమంటావురా?" అని అడిగితే నేనిప్పుడు మందు పేరు చెప్పడం లేదు. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారని తెలుసు. నాకు పొగరు పెరగలేదు, మా అమ్మ రిపోర్టు గుర్తొస్తుంది. స్ట్రిప్పు మీద ఎర్రగీత ఉంటే డాక్టరు చూసి రాసిందే వాడండి, చెప్పినన్ని రోజులు వాడండి. మధ్యలో ఆపాలనిపిస్తే డాక్టర్నే అడగండి. మిగిలినవి దాచకండి.

చివరగా, సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో గేటుకు ఆర్చి కట్టాలని అనుకుంటున్నారు. తప్పకుండా కడదాం. దానికన్నా ముందు మధ్యాహ్న భోజనం దగ్గర పది కుళాయిలు, సబ్బు, ఆడపిల్లలకు నీళ్లొచ్చే మరుగుదొడ్లు పెడదాం. మరుగుదొడ్డికి వెళ్లాల్సివస్తుందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మా అమ్మకొచ్చిన ఇబ్బంది వాళ్లకు చిన్నప్పుడే మొదలవుతుంది. రాకుండా ఆపిన ప్రతి జబ్బూ మనం మిగిల్చిన ఒక మందు. మొదటి కుళాయి ఖర్చు నాది, మా అమ్మ పేరు మీద.

కాగితం అయిపోయింది. ఈసారి మరిచిపోకుండా దిగుతున్నాను. సెలవు.