మనస్సు విడివడునపుడు మందు చేయు మేలెంత?

 

ఇరువదియైదు వసంతములు నిండిన గ్రంథాలయమున చెప్పుకొనదగిన సంగతులు పెక్కు గలవు. అందు మనస్సునకు వచ్చు జబ్బుల సంగతి యొకటి. కంటికి జబ్బు చేసినచో జనులు పదిమందితో చెప్పుకొందురు. మనస్సునకు జబ్బు చేసినచో తలుపు మూసికొందురు. మూసిన తలుపు వెనుక తెలియమి పెరుగును. తెలియమిని తొలగించుట గ్రంథాలయముల పని గావున అట్టి జబ్బు ఒకటి నేటి ప్రసంగమునకు విషయమైనది.

దానిని వైద్యులు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అందురు. బార్డర్‌లైన్ అనగా సరిహద్దు. మనోరోగులలో తెలివి నిలిచియుండియు బాధపడువారు ఒక తెగ, తెలివి తప్పినవారు వేరొక తెగ అని పూర్వము లెక్కించెడివారు. ఏ తెగలోను ఇమడని రోగులను గూర్చి 1938లో న్యూయార్కు నగరమందలి అడాల్ఫ్ స్టెర్న్ అను వైద్యుడు ఈ సరిహద్దు అను మాటను వాడెను. 1980లో అమెరికా మనోవైద్య సంఘము దీనిని తన రోగముల పట్టికలో చేర్చినది.

ఈ జబ్బు గలవారికి కోపము, దుఃఖము, భయము ఉప్పెనవలె వచ్చును, చప్పున దిగవు. అయినవారు తమ్ము విడిచిపోవుదురేమో యను శంక వారిని పీడించుచుండును. ఉదయము దేవుడుగా తోచినవాడు సాయంకాలమునకు శత్రువుగా తోచును. బాధ పట్టలేక తమ్ము తామే గాయపరచుకొనువారు గలరు; ప్రాణములమీదికి తెచ్చుకొనువారును గలరు.

వీనితోపాటు కొందరికి మరియొక అవస్థ కలుగును. దానిని డిసోసియేషన్ అందురు. మనస్సు విడివడుట యని చెప్పుకొనవచ్చును. ఒక పడుచు వంటయింట నిలిచియున్నదనుకొనుడు. తల్లి పిలుచుచున్నది. ఆ పిలుపు చెవిని పడుచున్నది గాని, ఎక్కడనో ఎవరో ఎవరినో పిలుచునట్లున్నది. తన చేతులు తనవిగా తోచవు. ఇల్లు నాటకపు తెరమీది బొమ్మవలె కనబడును. కొంతసేపటికి తెలివి కుదురుకొనును. నడుమ జరిగినది జ్ఞాపకముండకపోవచ్చును. ఇట్లు మనస్సు తనలో తాను విడిపోవుటను ఫ్రాన్సు దేశపు పియెర్ జానే 1889లో తన గ్రంథమున వివరించెను. 1994లో అమెరికా సంఘమువారు తీవ్రమైన ఒత్తిడిలో కలుగు ఈ అవస్థను సరిహద్దు జబ్బు లక్షణములలో తొమ్మిదవదిగా చేర్చిరి.

ఇది నటన కాదు, మొండితనము కాదు. భరింపరాని బాధ తగిలినపుడు మనస్సు తన్ను తాను కాపాడుకొనుటకై కొంత దూరము తొలగును. చిన్ననాట హింసకు లోనైనవారిలో ఇది హెచ్చుగా కనబడును. జాతరలో ఆచారముగా వచ్చి ఆచారముతోనే పోవు పూనకమును వైద్యులు జబ్బుగా లెక్కింపరు. కోరకయే వచ్చి బ్రతుకును చెరచునట్టి అవస్థకు మాత్రమే చికిత్స కావలెను.

అట్టి చికిత్సకు మందు చాలునా? ఈ ప్రశ్నకు ఒక స్త్రీ జీవితమే మంచి సమాధానము.

1961లో మార్షా లినెహాన్ అను పదునేడేండ్ల బాలికను అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమందలి మానసిక వైద్యశాలలో చేర్చిరి. వైద్యులు ఆమె జబ్బును స్కిజోఫ్రేనియా యనిరి. ఆనాటి గొప్ప మందులైన క్లోర్‌ప్రోమజీన్, లిబ్రియం ఇచ్చిరి. విద్యుత్ చికిత్స చేసిరి. ఇరువదియారు నెలలు ఆమె అక్కడ ఉండెను. ఆ మందులు ఆమె బాధను తీర్చలేదు. ఈ నరకమునుండి బయటపడినచో తిరిగివచ్చి తక్కినవారిని బయటికి తెచ్చెదనని ఆమె వ్రతము పట్టెను.

ఆ వ్రతము నెరవేరినది. ఆమె చదివి 1971లో డాక్టరు పట్టము పొంది, తరువాత సియాటిల్ నగరమందలి విశ్వవిద్యాలయమున ఆచార్యురాలై, ఇట్టి రోగులకు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అను చికిత్సను కల్పించెను. రోగిని ఉన్నది ఉన్నట్లు అంగీకరించుట ఒక చేయి, మార్పునకు పురికొల్పుట రెండవ చేయి. ధ్యానముతో మనస్సును ప్రస్తుత క్షణమున నిలుపుట, బాధను ఓర్చుట, ఉద్రేకమును అదుపుచేయుట, ఇతరులతో మెలగుట అను నాలుగు నేర్పులను ఇందు అభ్యాసము చేయింతురు. ఈ చికిత్స పొందిన స్త్రీలలో తమ్ము తాము గాయపరచుకొనుట తగ్గినదని 1991లో ప్రకటించిన పరీక్షవలన తెలిసినది. 2011లో ఆమె తాను బాలికగా చేరియున్న వైద్యశాలకే తిరిగిపోయి తన పూర్వకథను సభలో వెల్లడించెను.

ఇక మందుల సంగతి. ఈ జబ్బునకని ప్రత్యేకముగా అనుమతి పొందిన మందు అమెరికాలో నేటివరకు లేదు. జబ్బునకు గాని, అందలి విడి లక్షణములకు గాని మందునే ఆధారముగా చేసికొనరాదని ఇంగ్లండునందలి నైస్ అను సంస్థ 2009లో సలహా చెప్పినది. ఆపత్కాలమున నిద్రమందు ఇచ్చినను వారమునకు మించరాదన్నది. లామోట్రిజిన్ అను మందును ఇంగ్లండున 276 మందిపై ఒక సంవత్సరము పరీక్షించి 2018లో ఫలితమును ప్రకటించిరి. ఉత్త మాత్రకంటె అది మేలు చేయలేదు. మనస్సు విడివడుటకై నాల్ట్రెక్సోన్, నాలోక్సోన్ అను మందులను జర్మనీ వైద్యులు చిన్న పరీక్షలలో చూచిరి. నిశ్చయమైన గుణము తేలలేదు. ఆల్ప్రజోలం అను మాత్ర కొందరు రోగులలో అదుపును ఇంకను తప్పించినట్లు 1980వ దశాబ్దమునందే కనుగొనిరి.

ఇంతమాత్రమున మందులు పనికిరావని తలపరాదు. ఈ జబ్బుతోపాటు తీవ్రమైన కుంగుబాటు వంటి వేరు జబ్బు ఉన్నచో దానికి మందు అవసరమే. వాడుచున్న మందును వైద్యునితో చెప్పక ఒక్కసారిగా మానుట అపాయకరము. కాని ఒక మాత్రపై మరియొక మాత్ర చేర్చుకొనుచు పోవుట చికిత్స కాదు. బోస్టను నగర సమీపమున 290 మంది రోగులను ఏండ్లతరబడి పరిశీలింపగా, ఆరేండ్ల తరువాతను నూటికి నలుబదిమంది మూడు లేక అంతకుమించిన మందులు ఒకేమారు వాడుచుండిరి. ఏ మందు దేనికి, ఎంతకాలము అని వైద్యుని అడుగుట రోగికి గల హక్కు.

మనస్సు విడివడిన వేళ ఇంటివారు చేయదగినది కొంత గలదు. అరువరాదు, చేయిపట్టి గుంజరాదు. "అమ్మాయీ, ఇది మన యిల్లే. నేను మీ అమ్మను. ఇప్పుడు సాయంకాలమైనది" అని మెల్లగా పలుకవలెను. పాదములు నేలకు గట్టిగా ఆనించుట, చల్లని నీట ముఖము కడుగుకొనుట, ఎదుటనున్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పుట అను పనులు తొలగిన మనస్సును తిరిగి దేహమునకు తెచ్చుటకు తోడ్పడును. ప్రాణభయము తోచినచో ఒంటరిగా విడువక వైద్యశాలకు తీసికొనిపోవలెను. భారతదేశమున 2022నుండి టెలిమానస్ అను ప్రభుత్వ సహాయము 14416 అను ఫోను నంబరున లభించుచున్నది, తెలుగులోను మాటాడవచ్చును.

ఆశ వదలుకొనవలసిన జబ్బు కాదిది. పైని చెప్పిన 290 మందిలో పదేండ్లు గడచునప్పటికి నూటికి 93 మందికి జబ్బు లక్షణములు తగ్గి, కనీసము రెండేండ్లు అట్లే నిలిచినవి. పనిపాటలలోను, నలుగురితో మెలగుటలోను గూడ పూర్తిగా కుదుటపడినవారు మాత్రము నూటికి 50 మందియే. లక్షణము తగ్గుట ఒకటి, బ్రతుకు నిలదొక్కుకొనుట వేరొకటి. మొదటిదానికి వైద్యుడు కావలెను. రెండవదానికి ఊరు కావలెను. వెక్కిరింపని ఇరుగుపొరుగు, చేయగల పని, ఎవరి ప్రశ్నలకును జవాబు చెప్పనక్కరలేక పుస్తకము చేతబట్టి ఒకగంట కూర్చుండదగిన గ్రంథాలయపు బల్ల, ఇవి ఏ మందులషాపునను దొరకవు. వీనిని ఈయగలవారు ఈ సభలోనివారే.