విశాలమైన యిల్లు

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని కొని చూడుమని చెప్పలేదు. ఆ దినములలో అట్టి యవసరము అరుదు. నేడు నగరములలో కాపురముండ దలచిన వారిలో పెక్కుమంది కట్టిన యింటినే కొనుచున్నారు. మాకును ఆ యవసరము కలిగినది. ఆ యనుభవమును శ్రోతలకు విన్నవించెదము.

మాది చిత్తూరు. మా తండ్రిగారు కట్టించిన మిద్దెలో అన్నదమ్ముల మిరువురమును, పిల్లలతో, తల్లిగారితో ఒక్కచోటనే కాపురముంటిమి. పిల్లల చదువులును, తల్లిగారి వైద్యమును మమ్ము తిరుపతికి పిలిచినవి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది మొదలు ఆ యూరు విద్యకు నెలవైనది. 2007లో దానికి నగరపాలక సంస్థ యేర్పడినది. 2022లో అది జిల్లా కేంద్రమైనది. ఒకప్పుడు గోవిందరాజస్వామి ఆలయము చుట్టును ఒదిగియున్న పట్టణము నేడు రేణిగుంట దారి పొడవునను, తిరుచానూరు దారి పొడవునను క్రొత్త పేటలుగా పెరిగినది. చిత్తూరి యింటిని అమ్మితిమి. ఆ పైకమే మా సర్వస్వము. దానితో రెండు కాపురములకును చాలిన యిల్లు ఒకటి కొనవలెనని మా కోరిక.

మొదట మాకు కొలతలే చిక్కు తెచ్చినవి. తిరుపతిలో స్థలమును అంకణములతో లెక్కింతురు. ఇచ్చటి అంకణము 36 చదరపు అడుగులు, అనగా నాలుగు చదరపు గజములు. నెల్లూరి అంకణము 72 చదరపు అడుగులు. నెల్లూరినుండి వచ్చిన మా బావగారు అంకణము ధర విని, చౌకగా నున్నదని సంతోషించిరి. కొలత తెలిసిన పిమ్మట వారి సంతోషము సగమైనది. కావున అంకణమని వినినప్పుడు ఏ యూరి అంకణమని అడిగి, చదరపు గజములలోనికి మార్చి చూచుకొనుట క్షేమము.

ఒక క్రొత్త పేటలో అరువది అంకణముల స్థలమున కట్టిన మేడ మాకు మిక్కిలి నచ్చినది. క్రింద మూడు గదులు, పైన మూడు గదులు, ముందు వసారా, మేడపైన వడియములు ఎండబెట్టుకొనుటకు చాలినంత చోటు. ఇరువురము ఎవరి గదులు ఎవరివో అప్పుడే పంచుకొంటిమి.

దస్తావేజులును బాగుగనే యున్నవి. విక్రయ ఒప్పందము వ్రాసుకొన్నంత మాత్రమున ఆస్తిపై హక్కు కలుగదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. రిజిస్టరైన విక్రయపత్రమే హక్కు నిచ్చును. కనుక ముప్పది యేండ్ల ఈ.సీ. తీయించితిమి. లింకు దస్తావేజులను న్యాయవాదికి చూపితిమి. ఈ.సీ.లో రిజిస్టరైన వ్యవహారములే కనబడును గాని సర్వమును కనబడదని ఆయన హెచ్చరించెను. తిరుపతి చుట్టుప్రక్కల దేవస్థానముల భూములును, మఠముల భూములును కలవు. అట్టి భూముల రిజిస్ట్రేషనును నిషేధించు 22-ఎ జాబితాను గూడ చూచితిమి. మేము కోరిన స్థలము అందులో లేదు. అడ్వాన్సు ఇచ్చుటకు శుక్రవారము నిశ్చయించుకొంటిమి.

బుధవారమునాడు తల్లిగారిని తీసికొనిపోయి యిల్లు చూపితిమి. ఆమె గదులను చూడలేదు; పెరటిలోనికి పోయి చాలసేపు నిలిచి, “వానొస్తే నీళ్లు యాడికి పోతాయి నాయనా?” అని అడిగినది. మాయొద్ద సమాధానము లేదు.

తిరుపతికి ఉత్తరమున శేషాచలము, దక్షిణమున స్వర్ణముఖి. కొండపై కురిసిన నీరు ఊరు దాటియే నదికి చేరవలెను. ఆ నీటి కొరకు పూర్వులు వంకలను, చెరువులను విడిచిరి. 2021 నవంబరులో కురిసిన వానలకు నగర వీథులు ఏరులైనవి. ఆ దినములలోనే ఒక యింట భూమిలో పాతిన సిమెంటు వరల నీటితొట్టి, శుభ్రము చేయుచుండగా, నేలలోనుండి పైకి లేచి నిలిచినది. భూమిలో నిండిన నీటి ఒత్తిడియే దానికి కారణమని నిపుణులు చెప్పిరి.

మరునాడు గ్రామపటమును తీయించి చూచితిమి. ఆ పెరటిగోడ వెనుకనే వంక పోరంబోకు. పటములో వెడల్పుగా నున్న వంక, నేలపై ఒక సన్నని కాలువగా మిగిలినది. పొరుగింటి వృద్ధుడు తన గోడపై మోకాటి యెత్తున నున్న చారను చూపి, 2021లో నీరు అంతవరకు వచ్చినదని చెప్పెను. మేము చూచిన మేడకు మాత్రము క్రొత్తగా సున్నము వేసియుండిరి. కాగితములలో దోషము లేదు. దోషము నేలలో నున్నది.

ఆ రాత్రి మాలో మాకు మాటలు పెరిగినవి. గోడ నెత్తు చేయించిన చాలునని తమ్ముడు పట్టుపట్టెను. అతని మాటలోను న్యాయము కలదు. అంత విశాలమైన యిల్లు మా పైకమునకు మరియొకటి దొరకదు. శుక్రవారము గడచినది. యజమాని మరియొకరికి మాట యిచ్చెను.

పిమ్మట మేము కొనినది మెరక మీది నలువది అంకణముల యిల్లు. అందు రెండు కాపురములకు చోటు లేదు. తమ్ముడు రెండు వీథుల అవతల అద్దెయింట నున్నాడు. పిల్లలు ఉదయము అచ్చట, సాయంకాలము ఇచ్చట భుజింతురు. ఒక్క కప్పు క్రింద నుండవలెనని యిల్లమ్మిన మేము వేరుపడితిమి గదా యని నేటికిని విచారింతుము. కాని వాన పట్టిన రాత్రి తమ్ముడు భార్యాపిల్లలతో మా యింటికే వచ్చును. అందరమును నడిమి గదిలో చాపలు పరచుకొని పరుండెదము.

ఇల్లు కొనదలచిన శ్రోతలకు మా మనవి యిది. దస్తావేజులను న్యాయవాదికి చూపుడు. గ్రామపటమును మీరు చూడుడు. వీలైనచో ఆ యింటిని కార్తికమాసపు వానలో నొకసారి చూడుడు. పోవునపుడు ఇంటిలోని పెద్దలను వెంట తీసికొనిపోవుడు.